ప్రశ్న అడిగే బిడ్డ



మన ప్రభువు పుట్టుకను గూర్చి సువార్తలలో ఎన్నో సంగతులు ఉన్నవి గాని, ఆయన బడి వయసును గూర్చి ఉన్నది ఒక్క సంఘటనే. అది లూకా సువార్త రెండవ అధ్యాయములో ఉన్నది. పండుగకు యెరూషలేము వెళ్ళి తిరిగి వస్తూ, పన్నెండేళ్ళ బాలుడు తమతో లేడని యోసేపు మరియలు తెలుసుకున్నారు. మూడు దినముల తరువాత దేవాలయములో కనుగొన్నారు. ఆయన అక్కడ బోధకుల మధ్య కూర్చుని, వారి మాటలు వింటూ, వారిని ప్రశ్నలు అడుగుతూ ఉన్నాడు.

ఈ భాగము మీద మనము ఎన్నో ప్రసంగములు విన్నాము. అయితే ఒక సంగతి దగ్గర సాధారణముగా ఆగము. ఆ బోధకులు "పెద్దల మధ్య నీకేమి పని" అని ఆ బాలుని పంపివేయలేదు. కూర్చోనిచ్చారు. అడగనిచ్చారు. తామూ విన్నారు.

పన్నెండేళ్ళు అంటే మన లెక్కలో ఆరో తరగతో ఏడో తరగతో. సాయంకాల ప్రార్థనలకు గ్రామములకు వెళ్ళినప్పుడు ఆ వయసు పిల్లల చదువు మా చెవిని పడుతూనే ఉంటుంది. అరుగు మీద కూర్చుని, ముందుకూ వెనుకకూ ఊగుతూ, ఆకులు ఆహారమును ఎలా తయారు చేసుకుంటాయో ఒకే వాక్యమును ఇరవై సార్లు చదువుతారు. వాకిట్లోనే వేపచెట్టు ఉంటుంది. పుస్తకములో నుండి తల ఎత్తి ఆ చెట్టు వైపు ఒక్కసారి చూసే బిడ్డ కనబడడము అరుదు. తప్పు బిడ్డది కాదు. చూడమని ఎవరూ చెప్పలేదు. చూసి అడిగితే మార్కులు రావు.

ఈ తీరును మార్చవలెనని మన దేశములోనే ఒక జిల్లాలో ముప్పై ఏళ్ళ పాటు గొప్ప ప్రయత్నము జరిగింది. అందులో మనవంటి క్రైస్తవ సమాజము ఒకటి మొదటినుండీ పాలుపొందింది. మన ఇళ్ళకు పనికివచ్చే పాఠములు అందులో చాలా ఉన్నవి గనుక ఈ నెల దానిని మీ ముందు ఉంచుతున్నాము.

నర్మద ఒడ్డున

మధ్యప్రదేశ్‌లో నర్మదా నది ఒడ్డున హోషంగాబాదు అనే పట్టణము ఉన్నది. 2022 నుండి దానిని నర్మదాపురం అని పిలుస్తున్నారు. ఇంగ్లండు నుండి వచ్చిన క్వేకర్ మిషనెరీలు పందొమ్మిదవ శతాబ్దములోనే ఆ ప్రాంతములో పని మొదలు పెట్టారు. క్వేకర్లు మౌనముగా కూర్చుని ఆరాధించే వారు. యుద్ధమునకు దూరముగా ఉండే వారు. పట్టణము పక్కన రసూలియా అనే చోట వారి ఫ్రెండ్స్ రూరల్ సెంటర్ ఉన్నది. వ్యవసాయము, మంచినీరు, గ్రామాభివృద్ధి వారు పట్టుకున్న పనులు.

అదే జిల్లాలో కిశోర్ భారతి అనే మరొక సంస్థ ఉండేది. దానిని నెలకొల్పిన అనిల్ సద్గోపాల్ అమెరికాలో పరిశోధన చేసి, బొంబాయిలోని టాటా పరిశోధన సంస్థలో పని చేసిన శాస్త్రవేత్త. ఆ ఉద్యోగమును విడిచి పల్లెకు వచ్చారు. ఈ రెండు సంస్థలూ కలిసి 1972లో ప్రభుత్వము వద్దకు ఒక మనవితో వెళ్ళాయి: "కొన్ని ప్రభుత్వ పాఠశాలలలో ఆరు, ఏడు, ఎనిమిది తరగతుల సైన్సును ప్రయోగముల ద్వారా నేర్పుతాము. అనుమతి ఇవ్వండి."

ప్రభుత్వము ఇచ్చింది. 16 గ్రామీణ పాఠశాలలతో పని మొదలయ్యింది. దానికి హోషంగాబాదు విజ్ఞాన బోధన కార్యక్రమము అని పేరు వచ్చింది. ఢిల్లీ విశ్వవిద్యాలయము అధ్యాపకులూ, టాటా సంస్థ శాస్త్రవేత్తలూ సెలవులు పెట్టుకుని వచ్చి, పల్లె బడుల పంతుళ్ళతో కలిసి నేల మీద కూర్చుని పాఠములు తయారు చేశారు. 1978లో దానిని జిల్లాలోని మాధ్యమిక పాఠశాలలన్నిటికీ విస్తరింపజేశారు. 1982లో ఏకలవ్య అనే సంస్థ ఏర్పడి ఈ భారమును భుజాన వేసుకున్నది. తరువాత ఇతర జిల్లాలలోని కొన్ని పాఠశాలలకు కూడా అది వెళ్ళింది.

జవాబులు లేని పుస్తకము

ఆ పిల్లల సైన్సు పుస్తకము పేరు 'బాల్ వైజ్ఞానిక్'. బాల శాస్త్రవేత్త అని అర్థము. అందులో "ఇలా చేయండి" అని ఉంటుంది. "ఏమి చూశారు? ఎందుకు అలా జరిగింది?" అని ఉంటుంది. జవాబు మాత్రము ఉండదు. జవాబును బిడ్డ తన నోటుబుక్కులో తన మాటలలో రాసుకోవాలి. పిల్లలు నలుగురేసి జట్టుగా కూర్చునేవారు. పరికరముల పెట్టె ఒకటి బడికి ఇచ్చేవారు.

వేరు, ఆకు అనే ఒక పాఠము చూడండి. ఇది మన పొలముల మీద కూడా చేసి చూడదగినదే. పిల్లలు బడి చుట్టూ తిరిగి రకరకాల చిన్న మొక్కలను వేళ్ళతో సహా పెరికి తెస్తారు. ముందుగా ఆకులను చూస్తారు. కొన్నిటిలో ఈనెలు వలలాగా అల్లుకుని ఉంటాయి. కొన్నిటిలో గడ్డిపోచలో లాగా పక్కపక్కనే గీతలు గీసినట్టు ఉంటాయి. రెండు కుప్పలు చేస్తారు. ఆ తరువాత వేళ్ళను చూస్తారు. కొన్నిటికి మధ్యలో ఒక తల్లివేరు ఉంటుంది. కొన్నిటికి కుచ్చులాగా అన్నీ సన్నని వేళ్ళే. మళ్ళీ రెండు కుప్పలు. ఇప్పుడు ఆ కుప్పలను పోల్చి చూస్తే బిడ్డ నోట మాట దానంతట అదే వస్తుంది: వల ఈనెలు ఉన్నవాటికి తల్లివేరు ఉన్నది, గీతల ఈనెలు ఉన్నవాటికి కుచ్చువేళ్ళు ఉన్నవి! శనగ మొక్క ఒక వైపు, గోధుమ మొక్క మరొక వైపు చేరతాయి. మన దగ్గరైతే కంది ఒక వైపు, వరి మరొక వైపు. ఈ సూత్రమును ఎవరూ వల్లె వేయించలేదు. కనుక ఆ బిడ్డ దానిని మరచిపోవడము కష్టము.

ఇంకొక పాఠములో పిల్లలు కొలతలు తీసుకుంటారు. ఒకే వస్తువును పలువురు కొలిస్తే అందరికీ ఒకే అంకె రాదు. ఎవరిని తిట్టాలి? ఎవరినీ కాదు. కొలతలో కొంత హెచ్చుతగ్గులు సహజమనీ, అందుకే పలుమార్లు కొలిచి సరాసరి చూస్తారనీ వారు అక్కడ తెలుసుకుంటారు. నాణెమును పదే పదే ఎగరవేసి బొమ్మ ఎన్నిసార్లు, బొరుసు ఎన్నిసార్లు పడిందో రాసుకుంటూ సంభావ్యత లెక్కలలోనికి అడుగు పెడతారు. సైన్సు, లెక్కలు అక్కడ ఒకే నోటుబుక్కులో కలిసిపోయాయి.

ఖరీదు గల సామాను కావలెనని మనము అనుకుంటాము. హోషంగాబాదులో పువ్వును విప్పి లోపలి భాగములను చూడడానికి సూదులు కావలసి వస్తే తుమ్మముళ్ళు పనికి వచ్చాయి. అరవింద్ గుప్తా అనే యువ ఇంజనీరు 1978లో కంపెనీ ఉద్యోగమునకు సెలవు పెట్టి అక్కడికి వెళ్ళారు. సంతలో దొరికే సైకిలు వాల్వు ట్యూబు ముక్కలనూ, అగ్గిపుల్లలనూ జతచేసి త్రిభుజములు, చతురస్రములు, ఇళ్ళ ఆకారములు కట్టించే పద్ధతిని రూపొందించారు. త్రిభుజము నొక్కినా వంగదు, చతురస్రము నొక్కితే ఒరిగిపోతుంది. వంతెనలకూ ఇంటి దూలములకూ త్రిభుజములు ఎందుకు కడతారో పిల్లలకు ఆ పుల్లలు చెబుతాయి. చెత్తతో బొమ్మలు చేసి సైన్సు నేర్పిన ఆయనకు 2018లో ప్రభుత్వము పద్మశ్రీ ఇచ్చింది.

పరీక్ష కూడా మారింది

ఇక్కడ అధికారుల పాత్రను చెప్పక తప్పదు. బోధన మార్చి పరీక్షను పాతగానే ఉంచితే ఏమవుతుందో మనకు తెలుసు. మార్చి నెల రాగానే ప్రయోగములు అటకెక్కి, గైడ్లు దిగుతాయి. హోషంగాబాదులో పుస్తకము, పంతుళ్ళ శిక్షణ, పరీక్ష ఈ మూడింటినీ కలిపి మార్చడానికి ప్రభుత్వము అనుమతించింది. సైన్సు పరీక్షకు పిల్లలు తమ పుస్తకమును, నోటుబుక్కును తెచ్చుకుని తెరిచి చూసుకోవచ్చు. కాపీ కొట్టే అవసరమే లేదు, ఎందుకంటే ప్రశ్న జ్ఞాపకశక్తిని గూర్చి కాదు. దానితో పాటు ప్రయోగ పరీక్ష కూడా ఉండేది. పరికరములను చేతికిచ్చి, చేసి చూపమనేవారు.

పంతుళ్ళకు వేసవి సెలవులలో మూడు వారముల శిక్షణ ఇచ్చేవారు. అక్కడ వారు పిల్లలవలె జట్లుగా కూర్చుని ప్రతి ప్రయోగమును స్వయముగా చేయాలి. తరువాత నెలకొకసారి కలుసుకుని, ఏ పాఠము కుదిరింది, ఏది కుదరలేదు అని మాట్లాడుకునేవారు. వారి మాటలను బట్టి పుస్తకములను తిరగరాశారు. పల్లె పంతులు చెప్పగా పాఠ్యపుస్తకము మారడము మన దేశములో తరచుగా జరిగే పని కాదు.

ఈ పద్ధతిలో పంతులుకు ఒక కష్టము ఎదురవుతుంది. పిల్లలు అడిగే ప్రశ్నలకు ఆయన వద్ద జవాబు ఉండకపోవచ్చు. "నాకు తెలియదు, కలిసి చూద్దాము" అనడానికి ఆయన నేర్చుకోవాలి. పరువు పోతుందేమో అనే భయమును దాటాలి. పిల్లల ప్రశ్నల కోసము అక్కడ సవాలీరామ్ అనే ఒక కల్పిత వ్యక్తిని కూడా పుట్టించారు. సవాల్ అంటే హిందీలో ప్రశ్న. పిల్లలు సవాలీరామ్‌కు ఉత్తరము రాస్తే వారి పేరున జవాబు వచ్చేది. ఒక పల్లె బిడ్డ ప్రశ్నకు పోస్టులో జవాబు రావడము ఎంత గౌరవమో తలంచండి.

విశ్వాసమునకు హాని కలుగుతుందా?

"అయ్యగారూ, ఇలా ప్రతిదానికీ ఎందుకు, ఏమిటి అని అడగడము అలవాటైతే రేపు దేవుని మీద కూడా ప్రశ్నలు వేయరా?" అని కొందరు తల్లిదండ్రులు మమ్మును అడుగుతారు. ఈ భయమును మేము తేలికగా తీసుకోము. అయితే వాక్యమునే చూడుదము.

దానియేలు గ్రంథము మొదటి అధ్యాయములో యూదా యువకులు రాజు భోజనమునకు బదులు శాకధాన్యములు కోరారు. కావలివాడు భయపడితే దానియేలు వాదము పెట్టుకోలేదు. పది దినములు చేసి చూడమనీ, తరువాత తమ ముఖములనూ రాజు భోజనము తిన్నవారి ముఖములనూ పోల్చి చూడమనీ కోరాడు. గడువు, పోలిక, ఆ తరువాతనే తీర్పు. భక్తిగల యువకుడే పరీక్షించి చూడమన్నాడు. సొలొమోను లెబానోను దేవదారు మొదలుకొని గోడలో మొలిచే చిన్న మొక్క వరకు చెట్లను గూర్చి మాట్లాడినట్టు రాజుల గ్రంథము చెబుతున్నది. తోమా గాయములను చూడగోరితే ప్రభువు అతనిని వెళ్ళగొట్టలేదు, దగ్గరకు పిలిచాడు. ప్రశ్నకు మన దేవుడు భయపడడు. భయము మనదే.

పరీక్షించి చూడడము నేర్వకపోతే కలిగే నష్టము మాత్రము మన గ్రామములలో కనబడుతూనే ఉన్నది. పాము కరిస్తే మంత్రగాని వద్దకు పరుగెత్తి, ప్రభుత్వ ఆసుపత్రిలో దొరికే విష విరుగుడు ఇంజక్షనుకు ఆలస్యము చేసే ఇళ్ళు ఉన్నవి. మూర్ఛ వచ్చిన బిడ్డకు దయ్యము పట్టిందని చెప్పి నెలల తరబడి మందు ఇప్పించని ఇళ్ళు ఉన్నవి. ప్రార్థన చేయుదము, ఆసుపత్రికీ తీసుకువెళ్ళుదము. రెండూ ఆయన చిత్తములో ఉన్నవే. ఆ ఇంట్లో సైన్సును చేతులతో నేర్చుకున్న ఒక ఆడబిడ్డ ఉంటే, "అమ్మా, ముందు ఆటో పిలువు" అని చెప్పేది ఆమే. సైన్సు పాఠము బాగుండడము కొన్నిసార్లు ప్రాణముతో ముడిపడిన సంగతి.

2002లో ఏమి జరిగింది?

ముప్పై ఏళ్ళు నడిచిన ఆ కార్యక్రమమును 2002లో మధ్యప్రదేశ్ ప్రభుత్వము నిలిపివేసింది. ఈ పద్ధతిలో చదివిన పిల్లలు పదో తరగతి పరీక్షలలో వెనుకబడుతున్నారనే మాట స్థానిక నాయకుల నుండి బలముగా లేచింది. ఏకలవ్య వారు ఆ మాటను ఒప్పుకోలేదు, తమ వాదమును వినిపించారు. దేశములోని పలువురు శాస్త్రవేత్తలూ విద్యావేత్తలూ కార్యక్రమమును కొనసాగించమని ప్రభుత్వమును కోరారు. అయినా నిర్ణయము మారలేదు. హోషంగాబాదు బడులలోనికి మళ్ళీ మామూలు పుస్తకము, మామూలు పరీక్ష వచ్చాయి.

మార్కులను గూర్చి అడిగిన తల్లిదండ్రులను మనము నిందించలేము. పేద ఇంటి బిడ్డకు మార్కులే నిచ్చెన. మన వద్ద కూడా 2008లో బాసర, నూజివీడు, ఇడుపులపాయలలో మొదలైన ట్రిపుల్ ఐటీలు గ్రామీణ పిల్లలను పదో తరగతి మార్కులు చూసి చేర్చుకున్నాయి. మార్కులు వద్దనడము మా ఉద్దేశము కాదు. అయితే ఒక సంగతి గమనించాలి. ఆ కార్యక్రమమునకు శాస్త్రవేత్తల అండ ఉన్నది, పంతుళ్ళ శ్రమ ఉన్నది, చాలా కాలము అధికారుల అనుమతి ఉన్నది. మార్కుల మాట లేచినప్పుడు "మా బిడ్డ నేర్చుకుంటున్నది, మేము కళ్ళారా చూస్తున్నాము" అని తల్లిదండ్రులు గట్టిగా పలికి ఉంటే దాని చరిత్ర వేరుగా ఉండేదేమో. మంచి చదువు నిలబడాలంటే ఇంటివారి సాక్ష్యము కూడా కావాలి.

విత్తనము మాత్రము చావలేదు. 2005 నాటి జాతీయ పాఠ్యప్రణాళిక చట్రమూ, 2020 నాటి జాతీయ విద్యావిధానమూ బట్టీ చదువును విడిచి చేసి నేర్చుకోమనే చెబుతున్నవి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2011లో తన పాఠ్యప్రణాళిక చట్రమును సిద్ధము చేసి, ఆ తరువాత కొత్త పుస్తకములు తెచ్చింది. వాటిలో 'కృత్యం' అనే శీర్షికతో పిల్లలు చేయవలసిన పనులు పెట్టారు. ఏకలవ్య వారు 1985 నుండి పిల్లల కోసము 'చక్‌మక్' అనే పత్రిక నడుపుతున్నారు. మన తెలుగులో జన విజ్ఞాన వేదిక వారి పిల్లల సైన్సు పత్రిక పేరు 'చెకుముకి'. రెండు పేర్లకూ అర్థము ఒక్కటే, నిప్పు పుట్టించే రాయి. 1999లో ప్రారంభమై చిత్తూరు జిల్లా కుప్పం దగ్గర పని చేసే అగస్త్య ఫౌండేషన్ వారు సైన్సు పరికరములను వ్యానులలో పెట్టుకుని పల్లె బడులకు తీసుకువెళ్తున్నారు.

మన వంతు

సంఘముగా, కుటుంబములుగా మనము చేయగలిగినవి కొన్ని ఉన్నవి.

మొదటిది, మీ బిడ్డ సైన్సు నోటుబుక్కు ఒకసారి తెరిచి చూడండి. చదువు రానివారైనా చూడవచ్చు. బిడ్డనే చదివి వినిపించమనండి. గైడులో నుండి దించినది కాక, తాను చూసి తన మాటలలో రాసుకున్నది ఒక్క పేజీ అయినా ఉన్నదా? లేకపోతే, పుస్తకములోని ఒక కృత్యమును ఇంటి వద్ద చేసి చూపమనండి. మీరు పక్కన కూర్చోండి. మీ పొలమును గూర్చి బిడ్డ కంటే మీకే ఎక్కువ తెలుసు. ఏ పురుగు ఏ పంటను పడుతుందో, ఏ నేల నీరు నిలుపుతుందో మీరు చెప్పండి. అది కూడా సైన్సే.

రెండవది, 2009 విద్యాహక్కు చట్టము ప్రకారము ప్రభుత్వ పాఠశాల యాజమాన్య కమిటీలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే ఉండాలి. సభ్యులలో సగము మంది స్త్రీలు ఉండాలి. మన స్త్రీల సమాజములోని తల్లులు ఆ కమిటీలలో కూర్చున్నప్పుడు మధ్యాహ్న భోజనముతో పాటు ఇవి కూడా అడగండి: సైన్సు టీచరు పోస్టు ఖాళీగా ఉన్నదా? పరికరముల బీరువా తాళము ఎప్పుడు తీశారు? పగిలిన గాజు సామాను స్థానములో కొత్తవి వచ్చాయా? మర్యాదగా అడగండి, మళ్ళీ మళ్ళీ అడగండి. అన్యాయస్థుడైన న్యాయాధిపతిని విడువక అడిగిన విధవరాలిని మన ప్రభువే మనకు మాదిరిగా చూపించాడు.

మూడవది, సంఘములో డిగ్రీ, ఇంజనీరింగు చదివే యౌవనస్థులు ఉన్నారు. నెలకొక శనివారము చర్చి వరండాలో ఊరి పిల్లలందరినీ, ఏ మతమువారైనా సరే, కూర్చోబెట్టండి. అగ్గిపుల్లలు, వాల్వు ట్యూబు, ఒక భూతద్దము, రెండు టార్చి బ్యాటరీలు, ఒక చిన్న బల్బు చాలు. ఉపన్యాసము వద్దు. చేయనివ్వండి. ఆడపిల్లలను వెనుక వరుసలో కూర్చోబెట్టి, మగపిల్లల చేతికే సామాను ఇచ్చే అలవాటును అక్కడితో మానుకుందాము.

నాలుగవది సండేస్కూలు టీచర్లకూ, మావంటి కాపరులకూ. బిడ్డ ప్రశ్న అడిగినప్పుడు జవాబు తెలియకపోతే "తెలియదు" అని చెప్పుదము. దానివలన మన గౌరవము తగ్గదు. హోషంగాబాదులో పల్లె పంతుళ్ళు ముప్పై ఏళ్ళు ఆ మాట చెప్పారు.

యెరూషలేము బోధకుల పేర్లు లూకా రాయలేదు. అయినా వారు చేసిన ఒక మంచి పని సువార్తలో నిలిచిపోయింది. ఒక పల్లె బాలుడు తమ మధ్య కూర్చుని ప్రశ్నలు అడుగుతుంటే వారు విన్నారు. మన ఇళ్ళలో, మన బడులలో, మన సంఘములలో ఉన్న పన్నెండేళ్ళ బిడ్డలకు అంతపాటి చోటు ఇచ్చే మనస్సును ప్రభువు మనకందరికీ అనుగ్రహించును గాక. ఆమేన్.